ఐపీ పెట్టేముందే అకౌంట్ తెరవాలి: ఇంగ్లండ్‌లో దివాలా, బేసిక్ ఖాతా సంగతులు

మన వైపు ఎవరైనా అప్పులు తీర్చలేక చేతులెత్తేస్తే ‘ఐపీ పెట్టాడు’ అంటాం. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే రెండు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు వాడుకలో అలా స్థిరపడిపోయాయి. ఇంగ్లండ్‌లో మాత్రం ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ ప్రాక్టీషనర్, అంటే దివాలా వ్యవహారాలు చక్కబెట్టడానికి లైసెన్సు ఉన్న మనిషి. ఈ తేడా తెలియక నాతో పనిచేసే ఒకాయన ఫోన్‌లో ఎవరితోనో ‘నేను ఐపీ’ అన్నారట. అవతలివాళ్లు ఆయన్ని నిపుణుడనుకుని చాలా మర్యాదగా మాట్లాడారని తర్వాత చెప్పుకుని నవ్వుకున్నాం.

నవ్వడానికి ఆ ఒక్క సంగతే ఉంది. మిగతాదంతా టెన్షనే. క్రెడిట్ కార్డులు, పర్సనల్ లోన్, ఓవర్‌డ్రాఫ్ట్ అన్నీ కలిసి ఆయన జీతంతో తీరే స్థితి దాటిపోయాయి. దివాలాకు దరఖాస్తు చేద్దామని తేల్చుకున్నాక నన్ను అడిగిన మొదటి ప్రశ్న పరువు గురించో కారు గురించో కాదు. “వచ్చే నెల జీతం ఎక్కడ పడుతుంది?” అన్నారు. అడగాల్సిన ప్రశ్న అదే. చాలామందికి అది దివాలా తీసినట్టు అధికారిక ఆర్డర్ వచ్చాక గాని తట్టదు.

ఇక్కడ చెప్పేది ఇంగ్లండ్, వేల్స్ పద్ధతి. స్కాట్లండ్‌లో దివాలాను సీక్వెస్ట్రేషన్ అంటారు, దారి వేరు. ఉత్తర ఐర్లండ్‌దీ వేరే పద్ధతే. బేసిక్ ఖాతా, అంటే ఓవర్‌డ్రాఫ్ట్ లేని మామూలు అవసరాల బ్యాంకు ఖాతా, తెరిచే హక్కు మాత్రం దేశమంతటా ఒకటే.

ముందు ఆర్డర్ వచ్చిన రోజు ఏం జరుగుతుందో చూద్దాం. మనంతట మనం దివాలాకు వెళ్లాలంటే 2016 ఏప్రిల్ నుంచి కోర్టు మెట్లు ఎక్కక్కర్లేదు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపి 680 పౌండ్లు కట్టాలి. అప్పులవాళ్లం, అంత డబ్బు ఎక్కడిది అంటారా? వాయిదాల్లో కట్టుకోవచ్చు, కాకపోతే మొత్తం కట్టాకే దరఖాస్తు ముందుకు వెళ్తుంది. దాన్ని అడ్జుడికేటర్ అనే అధికారి చూస్తారు. నిర్ణయానికి 28 రోజుల గడువుంది. ఆర్డర్ రేపే రావచ్చు, మూడు వారాలకూ రావచ్చు. ఏ రోజన్నది మన చేతిలో లేదు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఆర్డర్ వచ్చిన క్షణం నుంచి మన ఆస్తి అఫీషియల్ రిసీవర్ అనే ప్రభుత్వ అధికారి చేతిలోకి వెళ్తుంది. బ్యాంకులో ఉన్న డబ్బూ ఆస్తే. రిసీవర్ ఆఫీసు బ్యాంకులకు సమాచారం పంపుతుంది. దానికి తోడు గెజిట్‌లో ప్రకటన పడుతుంది, ఇన్సాల్వెన్సీ రిజిస్టర్‌లో పేరు ఎక్కుతుంది. బ్యాంకులు వాటినీ గమనిస్తుంటాయి. తెలిసిన వెంటనే ఖాతా ఫ్రీజ్ చేస్తాయి. కార్డు పనిచేయదు, బిల్లుల కోసం ఖాతాలోంచి నేరుగా వెళ్లే డైరెక్ట్ డెబిట్లు వెనక్కి పోతాయి. ఇంటి ఖర్చులకు తప్పనిసరిగా కావాల్సిన డబ్బును వదలమని రిసీవర్ బ్యాంకుకు చెప్పవచ్చు. అడిగితే చెప్తారు కూడా. కానీ ఆ ఫోన్లూ ఉత్తరాలూ తిరిగేలోపు గడిచే రోజుల్లో పిల్లల స్కూలు భోజనానికీ బస్సు టికెట్టుకూ డబ్బు ఎక్కణ్నుంచి తేవాలన్నది మన గొడవ. ఆ ఖాతాను తర్వాత కొనసాగించాలా మూసేయాలా అన్నది బ్యాంకు ఇష్టం. ఎక్కువసార్లు మూసేయడానికే చూస్తుంది, అందులో ఓవర్‌డ్రాఫ్ట్ ఉంటే మరీను.

ఇంతకీ దివాలా తీసినవాళ్లంటే బ్యాంకులకు ఎందుకంత భయం? అప్పివ్వడానికి భయపడితే అర్థముంది. అప్పు ఊసే లేని ఖాతా తెరవడానికి కూడా ఏళ్ల తరబడి ఎందుకు వెనకాడాయి? జవాబు 1986 నాటి దివాలా చట్టంలో, 307వ సెక్షన్‌లో ఉంది. దివాలాలో ఉన్న మనిషికి ఆర్డర్ తర్వాత కొత్తగా ఏదైనా ఆస్తి కలిసొస్తే, అంటే వారసత్వంగానో లాటరీలోనో వస్తే, దాన్ని కూడా అప్పులవాళ్ల కోసం తీసుకునే హక్కు ట్రస్టీకి ఉంది. సంగతి తెలిసిన 42 రోజుల్లోపు నోటీసు ఇస్తే చాలు. ట్రస్టీ అంటే మొదట్లో అఫీషియల్ రిసీవరే, కొన్ని కేసుల్లో తర్వాత ఒక ఐపీ వస్తారు, ఇక్కడి అర్థంలో ఐపీ. బ్యాంకుల లెక్క ఏమిటంటే, దివాలా తీసిన కస్టమర్ ఖాతాలో అలాంటి డబ్బు పడి, అతను దాన్ని డ్రా చేసుకుని ఖర్చుపెట్టేస్తే, రేపు ట్రస్టీ వచ్చి ‘ఆ డబ్బు నాది, మీరెలా ఇచ్చారు’ అని తమ మెడ పట్టుకుంటాడేమో అని. ప్రతి జమనూ కాపలా కాసే ఓపిక ఎవరికుంది? దానికన్నా ఖాతాయే ఇవ్వకపోతే పోయె.

దాంతో 2012 నాటికి పరిస్థితి విచిత్రంగా తయారైంది. డిశ్చార్జ్ కాని, అంటే దివాలా నుంచి ఇంకా విడుదల కాని వాళ్లకు ఖాతాలిస్తున్న కొద్ది బ్యాంకుల్లో ఒకటైన కో-ఆపరేటివ్ బ్యాంక్ ఆ ఏడాది కొత్త ఖాతాలు ఆపేసింది. బజారు వీధుల్లో బ్రాంచీలున్న పెద్ద బ్యాంకుల్లో దాదాపు బార్‌క్లేస్ ఒక్కటే మిగిలింది. అందరూ మానేసి బరువంతా నీ ఒక్కడి మీదే పడితే నువ్వు మాత్రం ఎంతకాలం మోస్తావు? అప్పుల సలహా సంస్థలు గోల పెట్టడానికి కారణం ఇదే.

మార్పు మూడు వైపుల నుంచి వచ్చింది. 2014 డిసెంబరులో ట్రెజరీతో, అంటే ప్రభుత్వ ఆర్థిక శాఖతో, తొమ్మిది పెద్ద బ్యాంకింగ్ సంస్థలు ఒప్పందం చేసుకుని, 2016 జనవరి నుంచి చార్జీల్లేని బేసిక్ ఖాతాలు ఇస్తామన్నాయి. 2015లో చట్టాన్ని సవరించి, ట్రస్టీ నుంచి నోటీసు అందితే తప్ప ఆ 307వ సెక్షన్ విషయంలో బ్యాంకు మీద బాధ్యత పడకుండా చేశారు. భయానికి మూలకారణమే తొలగింది. యూరప్ ఆదేశానికి అనుగుణంగా తెచ్చిన పేమెంట్ అకౌంట్స్ రెగ్యులేషన్స్‌లో బేసిక్ ఖాతా భాగం 2016 సెప్టెంబరు 18న అమల్లోకి వచ్చింది. దాంతో అప్పటిదాకా బ్యాంకు దయగా ఉన్నది మన హక్కు అయింది. నా దృష్టిలో ఈ మూడింటిలో అసలు పని చేసింది రెండోదే. పేపర్లలో ఎక్కువ కనిపించింది మాత్రం మొదటిది.

ఇప్పుడు ఆ ఖాతాలో ఏముంటుందో చూద్దాం. డెబిట్ కార్డు ఉంటుంది. జీతం, యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ భృతి లాంటివి పడతాయి. డైరెక్ట్ డెబిట్లు, ప్రతి నెలా ఒకే మొత్తం పంపే స్టాండింగ్ ఆర్డర్లు పెట్టుకోవచ్చు, లింక్ అనే నెట్‌వర్క్ ఏటీఎంలలో డబ్బు తీసుకోవచ్చు, కౌంటర్ దగ్గర మిగతా కస్టమర్లతో సమానంగా నిలబడవచ్చు. ఓవర్‌డ్రాఫ్ట్ ఉండదు, సాధారణంగా చెక్ బుక్కూ ఉండదు. డబ్బు చాలక ఏదైనా డైరెక్ట్ డెబిట్ వెనక్కి పోతే బ్యాంకు జరిమానా వేయదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ అప్పుల్లో మునిగినవాళ్లలో చాలామందిని చివరి మెట్టు దాకా తోసింది ఒకదాని మీద ఒకటి పడిన ఆ జరిమానాలే. అయితే డబ్బు అందాల్సిన కరెంటు కంపెనీయో ఫోన్ కంపెనీయో తన వైపు నుంచి ఆలస్య రుసుం వేయొచ్చు. దాన్ని బేసిక్ ఖాతా ఆపలేదు.

ఈ హక్కు ఎవరికి? చట్టబద్ధంగా యూకేలో ఉంటున్నవాళ్లకి. ఇక్కడ ఇలాంటి సౌకర్యాలున్న ఖాతా మరొకటి లేకపోవడం, ఆ బ్యాంకులో మామూలు కరెంట్ అకౌంట్‌కు అర్హత లేకపోవడం, ఈ రెండింటిలో ఏ ఒక్కటున్నా అడగొచ్చు. దివాలా తీశారనో క్రెడిట్ స్కోరు పాతాళంలో ఉందనో బేసిక్ ఖాతా నిరాకరించకూడదు. నిరాకరించడానికి ఉన్న కారణాలు వేరు: మోసం, మనీ లాండరింగ్ వ్యవహారం, ఇమిగ్రేషన్ చట్టం అడ్డు రావడం, బ్యాంకు సిబ్బంది మీద దౌర్జన్యం లాంటివి. మోసం అనగానే మనకు సంబంధం లేదనుకుంటాం. కానీ మన పిల్లల్లో కొందరు ‘నీ అకౌంట్‌లో డబ్బు వేస్తాం, తీసి ఇవ్వు, కొంత నువ్వుంచుకో’ అనే మాటలు నమ్మి ఖాతాలు అద్దెకిచ్చినట్టు ఇస్తున్నారు. దాన్నే మనీ మ్యూల్ అంటారు. మోసాల వివరాలు నమోదు చేసే సిఫాస్ అనే సంస్థ రికార్డుల్లో ఒకసారి ఆ గుర్తు పడితే ఆరేళ్ల వరకూ ఉండొచ్చు. దివాలా ఉన్నా తెరుచుకునే తలుపు ఈ గుర్తుంటే మూసుకుపోతుంది.

హక్కు ఉంది సరే, బ్యాంకు కౌంటర్ దగ్గర ఆ హక్కు ఎలా ఉంటుందో చెప్తాను. ఒక శనివారం నేనూ ఆయనా ఒక బ్రాంచికి వెళ్లాం. ఆయన చేతిలో పాస్‌పోర్టు, కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు. కౌంటర్లో ఉన్న కుర్రాడు మర్యాదస్తుడే. “అకౌంట్ కావాలి” అని ఈయన అన్నారు. కుర్రాడు ట్యాబ్‌లో వివరాలు కొట్టాడు. అయిదు నిమిషాల తర్వాత స్క్రీన్ మీద ఏదో ఎర్రగా వచ్చింది. “సారీ, సిస్టమ్ ఒప్పుకోవట్లేదు, ఇవ్వలేం” అన్నాడు. ఈయన ముఖం వాడిపోయింది, లేచేశారు కూడా. “అన్నా, ఒక్క నిమిషం కూర్చో” అని నేను ఆ కుర్రాణ్ని అడిగాను, ఇప్పుడు చూసింది ఏ ఖాతాకని. మామూలు కరెంట్ అకౌంట్‌కట. మాకు కావాల్సింది బేసిక్ బ్యాంక్ అకౌంట్ అన్నాను. “ఓ, అదా” అని లోపలికెళ్లి ఎవరినో అడిగి వచ్చాడు. అదే కుర్చీ, అదే ట్యాబ్, అవే కాగితాలు. ఇరవై నిమిషాల్లో దరఖాస్తు పూర్తయింది. మొదటిసారి లేచినప్పుడే బయటికి నడిచి ఉంటే ‘బ్యాంకు వాళ్లు దివాలావాళ్లకు ఇవ్వరు’ అని ఆయన పదిమందికి చెప్పేవారు. అలా చెప్పేవాళ్లు ఇప్పటికీ చాలామందే ఉన్నారు.

కాబట్టి ‘అకౌంట్’ అని ఊరుకోకండి, ‘బేసిక్ బ్యాంక్ అకౌంట్’ అని పూర్తి పేరుతో అడగండి. ఒక్కో బ్యాంకు తన ఖాతాకు ఒక్కో ముద్దుపేరు పెట్టుకుంది. నాట్‌వెస్ట్‌లో ఫౌండేషన్ అకౌంట్, నేషన్‌వైడ్‌లో ఫ్లెక్స్‌బేసిక్, కో-ఆపరేటివ్‌లో క్యాష్‌మైండర్. పేర్లు మారుతుంటాయి, వెళ్లేముందు ఆ బ్యాంకు వెబ్‌సైట్ ఒకసారి చూసుకోవడం మంచిది. దివాలా గురించి అడిగితే దాచకండి. దాచాల్సిన అవసరమే చట్టం తీసేసింది. దాస్తే మాత్రం అది మోసం కిందికి వెళ్లే ప్రమాదముంది, అప్పుడు నిరాకరించడానికి వాళ్లకు నిజమైన కారణం దొరికినట్టే. పాస్‌పోర్టు లేనివాళ్ల దగ్గర డ్రైవింగ్ లైసెన్సో, బెనిఫిట్ మంజూరైన ఉత్తరమో ఉంటే అడిగి చూడాలి. ఏ కాగితాలు చెల్లుతాయో బ్యాంకును బట్టి ఉంటుంది. అన్ని వివరాలూ ఇచ్చాక పది పనిదినాల్లోపు ఖాతా తెరవాలి, లేదా ఎందుకు ఇవ్వట్లేదో చెప్పాలి.

ఏ బ్యాంకుకు వెళ్లాలి అన్నది మాత్రం జాగ్రత్తగా ఆలోచించాల్సిన విషయం. ఒక్క పైసా బాకీ లేని బ్యాంకుకు వెళ్లాలి. ఎందుకంటే బ్యాంకులకు సెట్-ఆఫ్ అనే హక్కుంది. అదే బ్యాంకులో మీకు క్రెడిట్ కార్డు బాకీ ఉండి, కరెంట్ అకౌంట్‌లో జీతం పడితే, ఆ జీతంలోంచి బాకీకి చెల్లేసుకోవచ్చు. ఆర్డర్ రాకముందు రోజుల్లో ఇది నిజమైన ముప్పు. గేటు మార్చినా ఇల్లు ఒకటే అన్నట్టు, పేర్లు వేరైనా యజమాని ఒకరే అయిన బ్యాంకులున్నాయి. హాలిఫాక్స్, బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ రెండూ లాయిడ్స్ గ్రూపువి. ఫస్ట్ డైరెక్ట్ అంటే హెచ్‌ఎస్‌బీసీయే. ఆర్‌బీఎస్, నాట్‌వెస్ట్ ఒకే గూటివి. మావాడికి లాయిడ్స్ కార్డు ఉండేది, కాబట్టి హాలిఫాక్స్ పేరును జాబితాలోంచి ముందే కొట్టేశాం.

ఇక ఎప్పుడు తెరవాలి? ఇందాక గుర్తుపెట్టుకోమన్న సంగతి ఇక్కడ పనికొస్తుంది. ఆర్డర్ ఏ రోజొస్తుందో తెలియదు కాబట్టి, దరఖాస్తు పంపకముందే కొత్త ఖాతా చేతిలో ఉండాలి. ఆర్డర్ తర్వాత కూడా తెరవొచ్చు, హక్కు అప్పుడూ ఉంటుంది. కానీ అప్పుడు జీతం ఒక వైపు, ఫ్రీజైన ఖాతా ఒక వైపు, మధ్యలో మనం. అందుకే ముందు ఖాతా, తర్వాత ఆఫీసులో పేరోల్‌కు కొత్త నంబరు, ఆ నెల జీతం కొత్తదాంట్లో పడిందని చూసుకున్నాక దరఖాస్తు మీద చివరి బటన్. పేరోల్‌కు నెలలో ఒక కటాఫ్ తేదీ ఉంటుంది. అది దాటాక నంబరిస్తే పాత ఖాతాకే పోతుంది, అక్కణ్నుంచి దాన్ని రాబట్టుకోవడం ఒక పెద్ద తలనొప్పి. మావాడు ఇరవై రెండో తారీఖున చెప్పాడు, కటాఫ్ ఇరవై. ఇంకో నెల ఆగాల్సొచ్చింది.

బ్యాంకులు ప్రచారం చేసే ఏడు రోజుల అకౌంట్ స్విచ్ ఇక్కడ వాడకండి. అది పాత ఖాతాను మూసి అన్నిటినీ కొత్తదానికి తెచ్చే ఏర్పాటు. ఓవర్‌డ్రాఫ్ట్ బాకీ ఉన్నప్పుడు ఆ బాకీ సంగతి తేల్చమంటారు. పైగా అప్పుల డైరెక్ట్ డెబిట్లు కూడా కొత్త ఇంటికి వచ్చి కూర్చుంటాయి. అద్దె, కరెంటు, ఫోన్, కౌన్సిల్ ట్యాక్స్ లాంటివి ఒక్కొక్కటీ చేత్తో మార్చుకోవడమే మేలు. క్రెడిట్ కార్డులూ లోన్లూ దివాలాలోకి వెళ్లే బాకీలు, వాటికి కొత్త ఖాతాలో చోటివ్వక్కర్లేదు.

కొత్త ఖాతాలో పడే డబ్బంతా మనదేనా? జీతం మనదే. అయితే అవసరాలు పోను మిగులుతుందని తేలితే రిసీవర్ నెలకింత కట్టమని ఇన్‌కమ్ పేమెంట్స్ అగ్రిమెంట్ అడగొచ్చు, అది మూడేళ్ల దాకా నడుస్తుంది. దివాలా నుంచి డిశ్చార్జ్ మామూలుగా 12 నెలలకే వచ్చినా ఈ కట్టుబాటు సాగుతూనే ఉంటుంది. వారసత్వం లాంటిది ఏదైనా వస్తే 21 రోజుల్లోపు చెప్పాలి. ఆర్డర్ రోజున కొత్త ఖాతాలో ఉన్న డబ్బు కూడా పాత ఖాతాలోని డబ్బులాంటిదే, దరఖాస్తులో చూపించాల్సిందే. ఆ రోజుకు అందులో అద్దెకూ తిండికీ సరిపడా ఉంటే ఎవరూ తప్పుపట్టరు. అంతకుమించి ఉంటే రిసీవర్ అడుగుతారు.

చాలామందికి తట్టే ఒక ఉపాయం, జీతం భార్య ఖాతాలోనో తమ్ముడి ఖాతాలోనో వేయించుకోవడం. వద్దు. డబ్బు ఎటు పోయిందని రిసీవర్ అడిగినప్పుడు అది దాచినట్టే కనిపిస్తుంది, ఆస్తి దాచడం దివాలాలో నేరం. దివాలా ముందు చేసిన పనులు నిజాయితీగా లేవని తేలితే దివాలాతో వచ్చే ఆంక్షలు ఏడాదితో ఆగవు, రెండేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా పొడిగించే వీలుంది. ఇద్దరి పేరా ఉన్న జాయింట్ ఖాతా అయితే అది కూడా ఫ్రీజ్ అవుతుంది. ఏ పాపం తెలియని రెండో మనిషి కార్డు కూడా ఆగిపోతుంది. కాబట్టి ఇంట్లో ఇద్దరికీ వేరువేరు ఖాతాలు ముందే ఉండాలి. ఈ మాట ఇంట్లో చెప్పడానికి మావాడికి రెండు వారాలు పట్టింది, దరఖాస్తు నింపడానికి అంత పట్టలేదు.

బ్యాంకు కాదంటే? కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలి, ఎక్కడ ఫిర్యాదు చేయాలో కూడా అందులో ఉండాలి. నోటిమాటతో పంపేస్తే “రాసివ్వండి” అనండి. ఆ ఒక్క మాటతో కొన్నిసార్లు ఖాతాయే వచ్చేస్తుంది. రాకపోతే ముందు బ్యాంకుకే ఫిర్యాదు చేయాలి. దాని తుది జవాబు వచ్చిన ఆరు నెలల్లోపు బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, దానికి ఖర్చేమీ ఉండదు. ఈలోగా ఇంకో బ్యాంకులో అడగడం మానకండి. ఫిర్యాదు గెలిచే దాకా జీతం ఆగదు కదా.

ఒక పక్క సంగతి. మొత్తం అప్పు 50,000 పౌండ్లలోపు ఉండి, సొంత ఇల్లు లేక, నెలకు మిగిలేది 75 పౌండ్లు దాటకపోతే దివాలా కన్నా చిన్న అప్పులవాళ్ల కోసం ఉన్న డెట్ రిలీఫ్ ఆర్డర్ గురించి ముందు కనుక్కోండి. ఆస్తుల మీద కూడా పరిమితులున్నాయి, కానీ 2024 ఏప్రిల్ నుంచి దానికి ఫీజు లేదు. స్టెప్‌చేంజ్, నేషనల్ డెట్‌లైన్, సిటిజన్స్ అడ్వైస్ లాంటి చోట్ల ఉచితంగా చెప్తారు. డబ్బు తీసుకుని చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లక్కర్లేదు.

మావాడికి ఆర్డర్ ఒక మంగళవారం వచ్చింది. మధ్యాహ్నానికి పాత కార్డు ఆగిపోయింది. సాయంత్రం సూపర్‌మార్కెట్లో పాలు, బ్రెడ్డు తీసుకుని, అలవాటుకొద్దీ ముందు ఆ పాత కార్డే పెట్టారట, మెషిన్ డిక్లైన్ అంది. జేబులోంచి రెండోది తీశారు. ఏడాది తర్వాత డిశ్చార్జ్ వచ్చింది, మరో మూడు నెలలకు ఇన్సాల్వెన్సీ రిజిస్టర్‌లోంచి పేరు పోయింది. క్రెడిట్ రికార్డులో మాత్రం ఆర్డర్ తేదీ నుంచి ఆరేళ్లు ఉంటుంది. ఆయన ఇప్పటికీ అదే బేసిక్ ఖాతా వాడుతున్నారు. ఈ మధ్య బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది, ఓవర్‌డ్రాఫ్ట్ ఉన్న ఖాతాకు మారతారా అని. దాన్ని ఫ్రిజ్ తలుపు మీద మాగ్నెట్ కింద పెట్టారు, జవాబు ఇంకా రాయలేదు.